నిప్పు లెక్కలు – 7: ఏ దారిన పోయినా అంతే వేడి

1782–83 చలికాలంలో పారిస్‌లో ఇద్దరు పండితులు మంచుగడ్డలు పగలగొట్టి ఒక పాత్రలో కూరుతూ గడిపారు. వారిలో ఆంటోని లెవోయిజర్‌కి అప్పుడు 39 ఏళ్ళు. ఫ్రెంచి ప్రభుత్వ తుపాకిమందు వ్యవహారాలు చూసే పెద్ద అధికారి, ఆ రోజుల్లో యూరప్‌లోనే పేరున్న రసాయన శాస్త్రవేత్త. రెండోవాడు పియెర్ సైమన్ లాప్లాస్. వయసు 33, గ్రహాల నడకను సమీకరణాల్లో పట్టుకునే గణితజ్ఞుడు. ఒకరు త్రాసు మనిషి, ఇంకొకరు లెక్కల మనిషి. ఇద్దరికీ కావలసింది ఒక్కటే: వేడిని తూచడం.

వేడిని తూచాలన్న ఆలోచన పుట్టడానికి కారణం జోసెఫ్ బ్లాక్ అని గత భాగంలో చూశాం. మంచు కరిగినంతసేపూ ఉష్ణోగ్రత సున్నా దగ్గరే నిలిచిపోతుంది, పెట్టిన వేడంతా కరగడానికే ఖర్చవుతుంది అని 1760ల మొదట్లోనే గ్లాస్గోలో ఆయన తేల్చాడు. పారిస్ జంట దాన్ని తిరగేసి వాడుకుంది. ఒక గ్రాము మంచు కరగడానికి ఎప్పుడూ ఒకే మోతాదు వేడి (ఈనాటి లెక్కలో సుమారు 80 కెలోరీలు) కావాలంటే, ఎంత మంచు కరిగిందో తూచితే ఎంత వేడి వచ్చిందో తెలిసిపోతుంది. థర్మామీటర్ అక్కర్లేదు, త్రాసు చాలు.

వాళ్ళు చేయించిన పాత్రకి ఒకదానిలో ఒకటిగా మూడు గదులున్నాయి. నడిమధ్యన తీగలతో అల్లిన బుట్ట. వేడినిచ్చే వస్తువు, లేదా మండే బొగ్గు, లేదా బతికున్న జంతువు అందులో ఉంటుంది. దాని చుట్టూ రెండో గది నిండా కొట్టిన మంచు. కరిగేది, తూచేది ఈ మంచునే. దాని చుట్టూ మూడో గదిలో మళ్ళీ మంచు. ఈ బయటి మంచు కాపలా కాస్తుంది. గదిలోని వెచ్చదనం లోపలికి రాబోతే దాన్ని ఇదే మింగి, తాను కరిగి, వేరే గొట్టం గుండా కారిపోతుంది. మూత మీద కూడా మంచే. లోపలి మంచు కరిగిన నీరు అడుగున ఉన్న కుళాయి గుండా బొట్టుబొట్టుగా దిగుతుంది. ఆ నీటిని పట్టి తూస్తారు.

ఈ పని అన్ని కాలాల్లో కుదరదు. గది చల్లగా ఉండాలి గానీ సున్నాకి దిగువకు పోకూడదు. పోతే మంచు ఇంకా చల్లబడి, వచ్చిన వేడిలో కొంత కరగడానికి కాక తిరిగి సున్నాకి చేరడానికే ఖర్చవుతుంది, లెక్క తప్పుతుంది. అందుకే ఇది చలికాలంలో, అదీ అనువైన రోజులు చూసుకుని చేయవలసిన ప్రయోగమైంది. పైగా కరిగిన నీరంతా కిందికి రాదు. మంచు ముక్కల సందుల్లో కొంత పట్టుకుని నిలిచిపోతుంది. ఈ లోపాన్ని ఇంగ్లండుకు చెందిన పింగాణీ తయారీదారు జోసయా వెడ్జ్‌వుడ్ త్వరలోనే ఎత్తిచూపాడు. అయినా ఆ పాత్ర నుంచి వచ్చిన ఫలితాలు నాకు చాలా విలువైనవిగా కనిపిస్తాయి. ఎందుకంటే ఒక రసాయన చర్యలో ఎంత వేడి పుడుతుందన్న ప్రశ్నకి అంకెతో జవాబు చెప్పే పద్ధతి అక్కడే మొదలైంది.

అన్నిటికంటే పేరుపొందింది గినీ పిగ్ ప్రయోగం. ఆ చిన్న జంతువుని బుట్టలో కూర్చోబెట్టి, ఊపిరికి గాలి అందే ఏర్పాటు చేసి, పది గంటలు ఉంచారు. అది 13 ఔన్సుల మంచుని కరిగించింది. ఆనాటి ఫ్రెంచి ఔన్సు సుమారు 30 గ్రాములు కాబట్టి దాదాపు 400 గ్రాములు. మన లెక్కలో 32 కిలోకెలోరీలు. వేరే ప్రయోగంలో అలాంటి జంతువు పది గంటల్లో వదిలే కార్బన్ డయాక్సైడ్ ఎంతో కొలిచారు. అంతే కార్బన్ డయాక్సైడ్ రావాలంటే ఎంత బొగ్గు మండాలి, ఆ బొగ్గు ఎంత మంచుని కరిగిస్తుంది అని గుణించారు. 10.38 ఔన్సులు వచ్చింది. పదమూడుకీ పదిన్నరకీ తేడా ఉంది. చలికి జంతువు కాళ్ళూ చెవులూ చల్లబడి తన ఒంటి వేడిలో కొంత పోగొట్టుకుంది, ఊపిరి తేమ కూడా మంచు నీటిలో కలిసింది అని వాళ్ళే కారణాలు చెప్పుకున్నారు. ఆ తేడాని దాచలేదు. ఆ తేడా ఉన్నా సరే, ఊపిరి తీయడం అంటే నెమ్మదిగా మండడమే అని ధైర్యంగా తేల్చారు. ప్రాణికీ పొయ్యికీ ఒకే రసాయన శాస్త్రం వర్తిస్తుందని అంకెలతో చూపిన తొలి సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

1783 జూన్ 18న ఫ్రెంచి సైన్స్ అకాడమీలో చదివిన వారి వ్యాసంలో ఇంకో మాట ఉంది. గినీ పిగ్ కథ చెప్పేవాళ్ళు తరచుగా వదిలేసే మాట అది. ఒక మార్పు జరిగేటప్పుడు ఎంత వేడి వెలువడుతుందో, ఆ మార్పుని వెనక్కి తిప్పినప్పుడు సరిగ్గా అంత వేడీ తిరిగి లోపలికి పోతుంది. వేడి అంటే కంటికి కనిపించని ద్రవమా, లేక కణాల కదలికా అన్నది ఆనాటికి తేలలేదు. ఇద్దరూ రెండు వాదాలనీ పక్కపక్కన పెట్టి, ఏది నిజమైనా ఈ సూత్రం నిలుస్తుందన్నారు. ఆ జాగ్రత్త మెచ్చుకోదగింది. వేడి ద్రవం కాదని తర్వాత తేలింది. సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు.

1794 మే 8న లెవోయిజర్ తల గిలెటిన్ కింద తెగిపడింది. లాప్లాస్ మళ్ళీ గ్రహాల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత దాదాపు అర శతాబ్దం పాటు రసాయన చర్యల వేడిని పట్టుదలగా కొలిచినవాళ్ళు తక్కువ. రసాయన లోకం కొత్త మూలకాల వేటలో, పరమాణు భారాల తగాదాల్లో మునిగిపోయింది. కథ మళ్ళీ అందుకున్నది పారిస్‌లో కాదు, రష్యాలో.

జెర్మెన్ హెన్రీ హెస్ పుట్టింది 1802లో, స్విట్జర్లాండులోని జెనీవాలో. తండ్రి చిత్రకారుడు. మాస్కోలోని ఒక సంపన్న కుటుంబంలో పిల్లలకు చదువు చెప్పే పని దొరకడంతో ఇంటిల్లిపాదీ రష్యా చేరారు. అప్పటికి హెస్ పసివాడు. పెద్దయ్యాక దోర్పాత్‌లో (ఇప్పుడది ఎస్టోనియాలోని టార్టు) వైద్యం చదివాడు. స్టాక్‌హోమ్ వెళ్ళి ఆనాటి రసాయన శాస్త్ర దిగ్గజం బెర్జీలియస్ దగ్గర కొద్దికాలం గడిపి, ఆ ప్రభావం నుంచి జీవితాంతం బయటపడలేదు. ఉరల్ పర్వతాల్లో ఖనిజాల అన్వేషణకి వెళ్ళాడు. సైబీరియాలోని ఇర్కుత్స్క్‌లో వైద్యుడిగా పనిచేశాడు. వెండి, టెల్లూరియం కలిసిన ఒక ఖనిజానికి ఈనాటికీ ఆయన పేరు మీదే హెస్సైట్ అంటారు. 1828లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో చోటు దొరికాక ఆ ఊళ్ళోనే స్థిరపడ్డాడు. ఆయన రష్యన్‌లో రాసిన రసాయన శాస్త్ర పాఠ్యపుస్తకం ఎన్నో ముద్రణలు పొంది, ఒక తరం విద్యార్థులకు ఆధారమైంది.

ఏ పదార్థానికి ఏ పదార్థం మీద ఎంత మక్కువ? కొన్ని వెంటనే కలిసిపోతాయి, కొన్ని ఎంత వేడి చేసినా కలవవు. ఈ మక్కువని కొలిచే కొలబద్ద ఏదైనా ఉందా? కలిసేటప్పుడు పుట్టే వేడే ఆ కొలబద్ద కావచ్చని హెస్ నమ్మాడు. 1830ల చివర్లో గంధకామ్లం ముందేసుకుని కూర్చున్నాడు.

గాఢ గంధకామ్లాన్ని నీళ్ళలో పోస్తే ఎంత వేడెక్కుతుందో ల్యాబులో పనిచేసినవాళ్ళకి తెలుసు. గాజు గ్లాసు చేత్తో పట్టుకోలేం. అదే ఆమ్లాన్ని అమ్మోనియాతో కలిపితే మళ్ళీ వేడి పుట్టి, అమ్మోనియం సల్ఫేట్ అనే లవణం తయారవుతుంది. హెస్ చేసింది ఇది: ఒకసారి నీళ్ళు కలపని చిక్కటి ఆమ్లాన్ని నేరుగా అమ్మోనియా ద్రావణంతో కలిపాడు. తర్వాత అదే ఆమ్లానికి ముందు కొంత నీరు చేర్చి, ఆ మెట్టులో పుట్టిన వేడిని కొలిచి, చల్లారాక అమ్మోనియాతో కలిపి ఆ వేడినీ కొలిచాడు. తర్వాత ఇంకాస్త నీరు, ఆ తర్వాత మరింత నీరు.

ఆయన కొలమానంలో వచ్చిన అంకెలు చూడండి. నేరుగా కలిపినప్పుడు అమ్మోనియాతో పుట్టిన వేడి 595.8. ముందు కొద్దిగా నీరు చేరిస్తే ఆ నీటితోనే 77.8 బయటికి వచ్చేసింది, తర్వాత అమ్మోనియాతో 518.9 మాత్రమే. రెండూ కలిపితే 596.7. మరికొంత నీరు చేర్చినప్పుడు 116.7, 480.5, మొత్తం 597.2. ఇంకా పలచన చేస్తే 155.6, 446.2, మొత్తం 601.8. మొదటి మెట్టులో ఎంత ఎక్కువ వస్తే రెండో మెట్టులో అంత తగ్గింది. మొత్తం మాత్రం ఆరువందల చుట్టూనే తిరిగింది. ఒక్క శాతం అటూ ఇటూ. 1840 నాటి పరికరాలతో ఇది సాధించిన చేతి నేర్పుకి దండం పెట్టాలి.

దీని నుంచి హెస్ తీసిన నియమం ఇప్పుడు ఇంటర్ కెమిస్ట్రీలో పిల్లలందరూ చదువుతున్నారు. ఒక రసాయన మార్పు ఒకే అడుగులో జరిగినా, పది అడుగుల్లో జరిగినా, మొత్తం వేడి ఒక్కటే. అలిపిరి నుంచి మెట్లెక్కి వెళ్ళినా, ఘాట్ రోడ్డులో బస్సెక్కి వెళ్ళినా తిరుమల ఎత్తు మారదు. పడ్డ శ్రమ, పట్టిన సమయం వేరు. ఎక్కిన ఎత్తు ఒక్కటే.

అయితే హెస్ వెతికింది ఇది కాదు. పైన చెప్పిన నీటి అంకెలు మూడింటినీ మళ్ళీ చూడండి: 77.8, 116.7, 155.6. మూడూ 38.9కి సరిగ్గా రెండు, మూడు, నాలుగు రెట్లు. పదార్థాలు సరళమైన నిష్పత్తుల్లో కలుస్తాయని డాల్టన్ చెప్పినట్టే, వేడి కూడా పూర్ణాంకాల మెట్లలోనే బయటికి వస్తుందని హెస్ గట్టిగా నమ్మాడు. ఆయన దృష్టిలో గొప్ప ఆవిష్కరణ అదే. తర్వాతివారు మరింత కచ్చితంగా కొలిచేసరికి ఆ పూర్ణాంకాల నియమం మాయమైపోయింది. మిగిలింది మొత్తాల నియమం. ఆయన కొలతలు నిజాయితీగా ఉన్నాయి కాబట్టే, తన సిద్ధాంతం కూలినా ఆ పట్టికలోంచి వేరొక సత్యం బతికి బయటపడింది.

ఇంకో విశేషం కాలానికి సంబంధించింది. శక్తి పుట్టదు, నశించదు, రూపం మారుతుంది అనే సూత్రాన్ని జర్మనీలో మేయర్ ప్రకటించింది 1842లో. ఇంగ్లండులో జౌల్ కొలతలు 1843 నుంచి వెలువడ్డాయి. హెల్మ్‌హోల్ట్జ్ దాన్ని గణితంగా మలిచింది 1847లో. హెస్ ఫలితం వీటన్నిటికంటే ముందుది. ఈరోజు పాఠ్యపుస్తకం శక్తి నిత్యత్వం నుంచి హెస్ నియమాన్ని రాబడుతుంది. చరిత్రలో వరస తలకిందులు. మూలసూత్రం లోకానికి తెలియకముందే, దాని ఒక కొమ్మని హెస్ గంధకామ్లపు గిన్నెలో పట్టుకున్నాడు. 1850లో, 48 ఏళ్ళకే కన్నుమూశాడు.

ఈ నియమాన్ని మన నేల మీద చూడాలంటే పల్నాడు జిల్లా పిడుగురాళ్ళ వెళితే చాలు. సున్నపు బట్టీలకు పేరుపడ్డ ఊరు. సున్నపురాయిని బట్టీలో పేర్చి, దాదాపు 900 డిగ్రీల దాకా కాలిస్తే రాయిలోంచి కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిపోయి పొడిసున్నం మిగులుతుంది. ప్రతి 100 గ్రాముల రాయీ ఇలా విడిపోవడానికి 178 కిలోజౌళ్ళ వేడిని తాగుతుంది, 56 గ్రాముల పొడిసున్నంగా మారుతుంది. బట్టీ కింద మండిన బొగ్గు వేడిలో ఈ భాగం ఎక్కడికీ పోలేదు. చల్లారిన తెల్లటి గడ్డల్లో ఉంది. గడ్డని చేత్తో పట్టుకుంటే చల్లగానే ఉంటుంది, థర్మామీటర్ పెట్టినా ఏమీ చూపదు.

ఇప్పుడు ఆ గడ్డల్ని గుంటలో వేసి నీళ్ళు పోయండి. మొదట కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. గడ్డ నీళ్ళని పీల్చుకుంటుంది. ఆ తర్వాత పగుళ్ళు వస్తాయి, బుసబుసమంటూ ఆవిరి లేస్తుంది, గడ్డ ఉబ్బి పొడిగా విచ్చుకుంటుంది, గుంటలో నీళ్ళు కుతకుత ఉడుకుతాయి. పక్కన నిలబడితే మొహానికి సెగ కొడుతుంది. దగ్గరికి పిల్లల్ని రానివ్వకూడదని పెద్దవాళ్ళు గట్టిగా కసిరేది అందుకే. ఆ చిట్లిన సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. మనం చెప్పుకున్న 56 గ్రాముల సున్నం ఈ మెట్టులో 65 కిలోజౌళ్ళు వదులుతుంది. కిలో పొడిసున్నం లెక్క కట్టితే, దాదాపు నాలుగు లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగేదాకా తీసుకుపోయేంత వేడి. లెవోయిజర్, లాప్లాస్ కూడా తమ మంచు పాత్రలో పొడిసున్నం, నీళ్ళ మిశ్రమాన్ని పరీక్షించారు.

రాయి తాగింది 178, గుంటలో తిరిగిచ్చింది 65. మిగతా 113 ఏమైనట్టు? ఆ సున్నాన్ని ఇసుకతో కలిపి, గానుగలో రుబ్బి, డంగు సున్నం చేసి గోడకి పూశారనుకోండి. గోడ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని నెలల తరబడి, ఏళ్ళ తరబడి మెల్లగా పీల్చుకుంటూ మళ్ళీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. 1591లో కట్టిన చార్మినార్ సున్నపు పనితనం ఇన్ని శతాబ్దాలు నిలవడంలో ఈ చర్యకి పెద్ద పాత్ర ఉంది. ఈ గట్టిపడడంలో వెలువడే వేడి సరిగ్గా ఆ 113 కిలోజౌళ్ళు. అంత కాలం మీద పరుచుకుని వస్తుంది కాబట్టి గోడ మీద చెయ్యి పెట్టినా తెలియదు. రాయి నుంచి బయలుదేరి మళ్ళీ రాయి దగ్గరికే వచ్చాం. 178 లోపలికి పోయింది, 65కి 113 కలిపితే 178 బయటికి వచ్చింది. బట్టీ, గుంట, గోడ మూడూ వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు సంవత్సరాల్లో ఉన్నా ఆ లెక్క తప్పదు.

ఈ నియమం ఇచ్చిన అసలు బలం, కొలవలేనిదాన్ని లెక్కగట్టే వీలు. బొగ్గు సగం మండి కార్బన్ మోనాక్సైడ్ అయితే ఎంత వేడి వస్తుంది? నేరుగా కొలవలేం. గాలి తగ్గించి మండించినా రెండు వాయువులూ కలగలిసి వస్తాయి. కానీ 12 గ్రాముల కార్బన్ పూర్తిగా మండితే 393.5 కిలోజౌళ్ళు వస్తాయని కొలవవచ్చు. దానికి సరిపడే కార్బన్ మోనాక్సైడ్‌ని మండిస్తే 283 వస్తాయనీ కొలవవచ్చు. తీసేస్తే మిగిలే 110.5 మనకి కావలసిన జవాబు. అంటే గాలి చాలని పొయ్యిలో బొగ్గు తన వేడిలో మూడో వంతు కూడా ఇవ్వదు. మిగతాది విషవాయువు రూపంలో పొగగొట్టం పాలవుతుంది. ఎర్రగా కాలిన కుంపటి మీద ఒక్కోసారి నీలి మంట ఆడుతుంది చూశారా, అది ఆ వాయువు గాలి తగిలి పూర్తిగా మండడం. చలికి తలుపులన్నీ బిగించుకుని గదిలో కుంపటి పెట్టుకుంటే ఆ నీలి మంటకి కావలసిన గాలి అందదు, విషం గదిలో మిగిలిపోతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ప్రతి శీతాకాలం ఇలాంటి మరణాలు వింటూనే ఉన్నాం. దయచేసి ఎవరూ మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దు.

ఇంతకీ ఈ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడ చాలామంది పొరపడతారు. బంధం తెగితే శక్తి బయటికి వస్తుందని పిల్లలు రాస్తారు, కొందరు పెద్దలూ అంటారు. నిజం దానికి పూర్తిగా ఎదురు. బంధాన్ని తెంచాలంటే ఎప్పుడైనా మనమే శక్తి పెట్టాలి. బంధం ఏర్పడేటప్పుడే శక్తి వెలువడుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీటి ఆవిరి అయ్యే చర్యనే తీసుకోండి. రెండు మోళ్ళ హైడ్రోజన్ బంధాలు తెంచడానికి 872 కిలోజౌళ్ళు, ఒక మోల్ ఆక్సిజన్ బంధాలు తెంచడానికి 498. మొత్తం ఖర్చు 1,370. తర్వాత ఆక్సిజన్‌కీ హైడ్రోజన్‌కీ మధ్య నాలుగు మోళ్ళ కొత్త బంధాలు ఏర్పడతాయి. ఒక్కొక్కటి సగటున 463 చొప్పున 1,852 ఆదాయం. తేడా 482 కిలోజౌళ్ళు, మంటగా మనకి కనిపించేది అదే. ఖర్చు ఆదాయాన్ని మించితే పరిసరాల నుంచి వేడిని గుంజుకునే చర్య అవుతుంది, బట్టీలోని సున్నపురాయిలా. మొదటి దాన్ని ఉష్ణమోచక చర్య అనీ, రెండో దాన్ని ఉష్ణగ్రాహక చర్య అనీ అంటున్నాం. హెస్‌కి ఈ బంధాల సంగతి తెలియదు. తెలియకుండానే సరైన జమాఖర్చు రాశాడు.

ఆ జమాఖర్చుని వేల పదార్థాలకి విస్తరించినవాళ్ళు ఇద్దరు. కోపెన్‌హేగన్‌లో జూలియస్ టామ్సెన్, పారిస్‌లో మార్సెలిన్ బెర్తెలో. టామ్సెన్ సుమారు 3,500 కొలతలు చేసి, 1882–86 మధ్య నాలుగు సంపుటాలుగా అచ్చు వేశాడు. బెర్తెలో మనకి బాంబు కెలోరీమీటర్ ఇచ్చాడు. దళసరి గోడల ఉక్కు పాత్రలో తూచిన పదార్థాన్ని పెట్టి, ఎక్కువ పీడనంతో ఆక్సిజన్ నింపి, బిగించి, నీళ్ళలో ముంచుతారు. విద్యుత్తుతో ఒక సన్నటి తీగని కాల్చి పదార్థాన్ని అంటిస్తారు. క్షణాల్లో అంతా భస్మమవుతుంది, చుట్టూ ఉన్న నీళ్ళు ఎంత వేడెక్కాయో చూస్తారు. మంచు పాత్రలా గంటల తరబడి బొట్లు లెక్కపెట్టే పని లేదు.

మనం తినే తిండి శక్తిని కొలిచింది ఈ పద్ధతితోనే. చక్కెర బాంబులో ఒక్క మెరుపులో మండినా, మన కండరాల్లో ఎన్నో చిన్న చిన్న అంచెలుగా మండినా చివరికి మిగిలేవి కార్బన్ డయాక్సైడ్, నీరే కాబట్టి మొత్తం శక్తి ఒక్కటే అని హెస్ నియమం హామీ ఇస్తుంది. మాంసకృత్తుల విషయంలో మాత్రం శరీరం పని పూర్తి చేయదు, నత్రజని భాగం యూరియాగా బయటికి పోతుంది. కాబట్టి ఆ మేరకి తగ్గించుకోవాలి. 1890ల్లో అమెరికాలో అట్వాటర్ మనిషినే గదంత కెలోరీమీటర్‌లో రోజుల తరబడి ఉంచి ఈ లెక్క నిజమని చూపాడు. గ్రాము పిండిపదార్థానికి 4, కొవ్వుకి 9, మాంసకృత్తులకి 4 కిలోకెలోరీలన్న వాడుక ఆయన పని నుంచి వచ్చిందే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ (1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది) ప్రచురించిన ఆహార విలువల పుస్తకంలో వంద గ్రాముల బియ్యానికి 345 కిలోకెలోరీలు అని ఉంటుంది. ఆ అంకె వెనక గినీ పిగ్ కరిగించిన పదమూడు ఔన్సుల మంచు దాకా వెళ్ళే వంశవృక్షం ఉంది.

టామ్సెన్, బెర్తెలో ఇద్దరూ కొలతల్లో నిలిచారు గానీ, ఆ కొలతల నుంచి ఒక తొందరపాటు తీర్పు ఇచ్చారు. తనంతట తాను జరిగే ప్రతి రసాయన చర్యా వేడిని వదిలే చర్యే అన్నాడు టామ్సెన్ 1850ల్లో. జరగగల చర్యల్లో అన్నిటికంటే ఎక్కువ వేడినిచ్చేదే జరుగుతుందన్నాడు బెర్తెలో 1870ల్లో. ముందు ఎవరు చెప్పారన్నదాని మీద ఇద్దరికీ పెద్ద తగాదా నడిచింది. వేడే మక్కువకి కొలబద్ద అన్న హెస్ ఆశ ఇక్కడ పూర్తి రూపం దాల్చింది. బొగ్గు మండుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, సున్నం ఉడుకుతుంది. చూడబోతే నిజమే అనిపిస్తుంది.

దానికి ఎదురు సాక్ష్యం మాత్రం శతాబ్దాల ముందే మన దేశంలో ఉంది. అక్బరు కొలువులో తాగే నీటిని సురేకారంతో చల్లబరిచే పద్ధతిని అబుల్ ఫజల్ అయిన్-ఇ-అక్బరీలో వివరించాడు. నీళ్ళలో సురేకారం కరిగించి, మంచినీళ్ళున్న పాత్రని అందులో ఉంచి తిప్పేవారు. సురేకారం కరిగేటప్పుడు పరిసరాల నుంచి వేడిని గుంజుకుంటుంది, 101 గ్రాములకి సుమారు 35 కిలోజౌళ్ళు. ఎవరూ బలవంతపెట్టలేదు, కింద మంట లేదు. అయినా అది తనంతట తాను కరుగుతుంది, కరుగుతూ నీళ్ళని చల్లబరుస్తుంది. కళాయి వేసేవాళ్ళు వాడే నవాసారం కూడా అంతే. బెర్తెలో ఇలాంటివాటిని రసాయన చర్యలు కావు, భౌతిక మార్పులు అని పక్కకి నెట్టి తన సూత్రాన్ని కాపాడుకోవాలని చూశాడు. కానీ అటూ ఇటూ రెండు వైపులా నడిచి మధ్యలో ఆగిపోయే చర్యలు ఎన్నో ఉన్నాయి. ఒక వైపు వేడి వదిలే చర్య అయితే రెండో వైపు తప్పకుండా వేడి పీల్చే చర్యే. రెండూ వాటంతట అవే జరుగుతున్నాయి. ఈ చిక్కుకి ఆయన దగ్గర జవాబు లేదు.

1884లో పియెర్ దుయెమ్ అనే యువకుడు పారిస్‌లో సమర్పించిన డాక్టరేట్ వ్యాసంలో బెర్తెలో సూత్రం తప్పని రాశాడు. అప్పటికి బెర్తెలో ఫ్రెంచి శాస్త్ర రంగంలో ఎదురులేని పెద్దమనిషి. ఆ వ్యాసాన్ని తిరస్కరించారు. దుయెమ్ తర్వాత వేరే అంశం మీద పట్టా తెచ్చుకున్నాడు గానీ లీల్, రెన్, బోర్డోలలోనే ఉద్యోగం చేశాడు. పారిస్‌లో పీఠం ఆయనకి ఎన్నడూ దక్కలేదు. శాస్త్రంలో ఒక తప్పు సూత్రం ఎంతకాలం బతుకుతుందన్నది సాక్ష్యాల మీదే కాక, దాన్ని పట్టుకున్న మనిషి హోదా మీద కూడా ఆధారపడుతుందనడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ నాకు ఈ ధారావాహికలో తగలలేదు.

దుయెమ్ ఒంటరిగా ఊహించి రాయలేదు. ఆయన చేతిలో ఒక ఆయుధం ఉంది. వేడి ఒక్కటే చూస్తే చాలదు, దానితో పాటు కణాలు ఎంత స్వేచ్ఛగా చెల్లాచెదురు కాగలవన్నదీ జమాఖర్చులో రాయాలి, ఈ రెండూ కలిసే చర్య ఎటు నడవాలో నిర్ణయిస్తాయి అని చెప్పే కొత్త గణితం అది. సురేకారం చల్లబడుతూ కూడా ఎందుకు కరుగుతుందో అది చెప్పగలిగింది. దాన్ని రాసినాయన అట్లాంటిక్‌కి అవతల, అమెరికాలోని న్యూహేవెన్‌లో ఉండే జోసయా విలార్డ్ గిబ్స్. 1876, 1878ల్లో కనెక్టికట్ అకాడమీ పత్రికలో అచ్చయిన ఆయన సుదీర్ఘ వ్యాసాన్ని యూరప్‌లో చదివినవాళ్ళు చాలా కొద్దిమంది. వచ్చే భాగం ఆ వ్యాసం గురించే.

(ఇంకా ఉంది)